ట్యాంకు కన్నా ముందు గది: గ్యారేజీలో పగడపు అక్వేరియం

అమెరికా శివార్లలో రెండు కార్లు పట్టే గ్యారేజీ లేని ఇల్లు అరుదు. ఆ గ్యారేజీలో నిజంగా రెండు కార్లూ ఉండే ఇల్లు అంతకన్నా అరుదేమో. టెక్సస్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ లాంటి ఊళ్లలో ఆ చోటు కొందరికి సామాన్ల గది, కొందరికి జిమ్, పండగొస్తే పెద్ద పొయ్యి పెట్టుకునే వంటసాల. సముద్రపు అక్వేరియం పిచ్చి పట్టినవాళ్లకు మాత్రం అది హాల్లో పట్టని రీఫ్ ట్యాంకుకు దొరికిన స్థలం. రీఫ్ ట్యాంకు అంటే రంగు చేపల తొట్టి మాత్రమే అనుకోకూడదు. బతికున్న పగడాలు ఏళ్ల తరబడి పెరగాల్సిన ఉప్పునీటి వ్యవస్థ అది. ఈ రంగంలో కొత్తగా దిగేవాళ్లకు మొదట చెప్పే మాట ఒకటుంది: ట్యాంకు ఎంత పెద్దదైతే అంత నిలకడ, అంత సులువు అని. గ్యారేజీని మార్చి పెద్ద ట్యాంకు కట్టాలన్న ఆశకు ఈ మాటే పునాది. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం, నీటి మీద పడాల్సిన భారాన్ని గది మీదికి నెట్టి, గదిని లెక్కలోంచి తీసేస్తుంది. ఇలాంటి ట్యాంకులు ఎందుకు నిలబడతాయి, ఎందుకు కూలిపోతాయి అని వెతికితే, గాజు మందం, లైట్ల బ్రాండు వంటి చర్చలు రెండో వరసలోకి పోయి, ఆ గదిలోని గాలి, తేమ, కరెంటు ముందుకొస్తాయి.

లెక్కకు ఒక ట్యాంకును తీసుకుందాం: 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. అంటే 60 ఘనపుటడుగులు, దాదాపు 1700 లీటర్లు. ఈ నీటిలో ఒక చేప చచ్చి కంట పడకుండా కుళ్లినా అమోనియా ఒక్కసారిగా ప్రాణాంతకం కాదు. మందు కొలత కాస్త తప్పినా నీరు సర్దుకుంటుంది. ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 2 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి పోవాలి, అది నిమిషాల్లో జరిగే పని కాదు. చిన్న ట్యాంకుతో పోలిస్తే ఇవన్నీ లాభాలే, కాదనేవాళ్లు లేరు. అయితే పగడాల ఆకలిని లీటరు చొప్పున లెక్కించాలి. పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి నీటిలోంచి కాల్షియాన్నీ క్షారతనూ లాగుతుంది. పగడాలు నిండిన ట్యాంకులో రోజుకు ఒక డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) మేర క్షారత ఖర్చవడం మామూలే. 1700 లీటర్లలో అది రోజుకు 30 గ్రాముల కాల్షియం కార్బనేట్, ఏడాదికి 11 కిలోల రాయి. ఆ పదార్థాన్ని రోజూ, ఏ రోజూ తప్పకుండా, సున్నపు తేటగానో కాల్షియం రియాక్టర్ ద్వారానో తిరిగి ఇవ్వాలి. ఇవ్వడం ఆగిపోతే 1700 లీటర్ల ట్యాంకూ 170 లీటర్ల ట్యాంకూ ఒకే వేగంతో పడిపోతాయి, ఎందుకంటే పెద్దదాంట్లో పగడాలూ పదింతలు ఉంటాయి. ఖాళీగా వదిలిన నీరే నిలకడనిస్తుంది. పెద్ద ట్యాంకు కొన్నవాళ్లలో దాన్ని ఖాళీగా వదిలేవాళ్లు ఎంతమంది?

పరిమాణం మీద పెట్టుకున్న ఈ నమ్మకాన్ని పరీక్షించిన ప్రయోగం ఒకటి అరిజోనా ఎడారిలో జరిగింది, ఆ ఉద్దేశంతో కాకపోయినా. 1991లో ఎనిమిది మందిని లోపల పెట్టి మూసేసిన బయోస్ఫియర్ 2 గాజు భవనంలో దాదాపు 26 లక్షల లీటర్ల సముద్రం, అందులో పగడపు దిబ్బ ఉండేవి. ఏ ఇంటి ట్యాంకూ దరిదాపులకు రాలేనంత నీరు. అయినా మూసిన భవనపు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేసరికి ఆ సముద్రపు పీహెచ్ పడిపోయింది, నిర్వాహకులు సోడా లవణాలు కలిపి నిలబెట్టాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో అదే చోట క్రిస్ లాంగ్డన్ బృందం పనిచేసి 2000లో ప్రచురించిన ఫలితాలు, పగడపు వ్యవస్థ రాయి కట్టే వేగం నీటిలోని కార్బనేట్ సంతృప్తతను బట్టి నడుస్తుందని చూపాయి. ఆ సంతృప్తతను దించేది గాలిలోని కార్బన్ డయాక్సైడే. ఇప్పుడు గ్యారేజీకి వద్దాం. బయటి గాలిలో ఆ వాయువు 420 పీపీఎం చుట్టుపక్కల ఉంటుంది. ఇన్సులేషన్ వేసి, సందులు మూసి, తలుపు బిగించిన గదిలో మనుషులు మసిలితే 1000 దాటడం మామూలే. సముద్రంలో 8.1 దగ్గర ఉండే పీహెచ్ ఆ గదిలోని ట్యాంకులో 7.8కి దిగి కూర్చుంటుంది. మందులు పోసి దాన్ని ఎక్కించాలని చూసేవాళ్లు క్షారతను పాడు చేసుకోవడం తప్ప సాధించేది తక్కువ. గాలి బుడగల నురుగుతో నీటిలోని మలినాలను తీసే స్కిమ్మర్‌కు గాలి పీల్చే గొట్టాన్ని గోడ అవతలికి తీయడం చవకైన మందు. నీటిలోని జబ్బుకు గోడలో వేసిన రంధ్రం వైద్యమైంది, ట్యాంకు ఎంత పెద్దదన్నది ఇక్కడ పట్టింపుకే రాలేదు.

వేడి, తేమల సంగతి దీనికన్నా చిక్కు. పంపులకీ లైట్లకీ పోసిన కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. 500 వాట్ల లైట్లు రోజుకు 10 గంటలు, పంపులూ స్కిమ్మరూ కలిసి 250 వాట్లు రోజంతా నడిస్తే రోజుకు 11 యూనిట్లు. ఈ వేడిని నీటిలోంచి మోసుకెళ్లేది ఎక్కువగా ఆవిరే. లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 0.68 యూనిట్ల వేడి తీసుకుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఇలాగే. ట్యాంకూ, దాని కింద ఫిల్టర్లుండే తొట్టి అయిన సంపూ కలిసి రోజుకు 15 లీటర్లు ఆవిరి చేస్తే 10 యూనిట్ల వేడి వదిలినట్టు, అంటే వచ్చిందీ పోయిందీ దాదాపు సరి. ఖర్చు లేకుండా నీళ్లు చల్లబడ్డాయని సంతోషించేలోపు, ఆ 15 లీటర్లు ఎక్కడికి వెళ్లాయని అడగాలి. మూసిన గదిలో అవి గోడల్లోకి, కప్పులోకి, చల్లగా ఉన్న ప్రతి లోహపు ముక్క మీదికి వెళ్తాయి. అమెరికన్ గ్యారేజీ గోడ జిప్సం బోర్డు, దానికి రెండు వైపులా కాగితం. తడిసిన కాగితం బూజుకు మంచి మేత. రెండేళ్లు నడిచిన తేమ గదిలోకి వెళ్లి చూస్తే ముందు కనిపించేది గ్యారేజీ తలుపు పైనుండే పెద్ద స్ప్రింగు, చుట్టుకో గీత చొప్పున ఎర్రగా తుప్పు పట్టి. ఆ తర్వాత ప్లగ్గు పాయింట్ల ఇత్తడి మీద పచ్చటి పొక్కులు. ఆ స్ప్రింగు మీద తలుపు బరువంతా ఉంటుంది, తెగితే మనిషిని గాయపరిచేంత బలం అందులో ఉంది. డీహ్యూమిడిఫయర్ పెడితే సరిపోదా అంటారు. అది ఆవిరిని మళ్లీ నీరు చేసేటప్పుడు, ఆవిరి మోసుకొచ్చిన 10 యూనిట్ల వేడినీ తిరిగి గదిలోకే వదులుతుంది, తాను తిన్న కరెంటు వేడిని అదనంగా కలుపుతుంది. గాలిని బయటికి తోసే ఫ్యాను చాలని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ సలహా ఎండు ప్రాంతాలకు నప్పుతుంది. ఫీనిక్స్‌లో జూన్‌లో అద్భుతంగా పనిచేస్తుంది, డాలస్‌లో చలికాలంలో బాగానే పనిచేస్తుంది. హ్యూస్టన్ ఆగస్టులో బయటి గాలి మంచు బిందువే 24, 25 డిగ్రీలు ఉంటే, 26 డిగ్రీల ట్యాంకు నీటికి ఆవిరవడానికి చోటే ఉండదు. ఫ్యాను లోపలికి లాక్కొచ్చేది ఉక్కపోతనే. అక్కడ గదికి సొంత స్ప్లిట్ ఏసీ తప్పదు. అది వేడినీ తేమనీ రెండింటినీ గోడ దాటిస్తుంది. ఆ ఏసీ కూడా ఇన్సులేషన్ లేని తలుపు మీద పడే ఎండతోనే సగం యుద్ధం చేస్తుంది కాబట్టి, తలుపును తీసేసి గోడ కట్టడమో, ఉన్నదానికి మందంగా ఇన్సులేషన్ వేసి అంచులు మూయడమో ట్యాంకు కొనకముందే జరగాల్సిన పని.

బరువు గురించి మాత్రం భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. నీరు, రాయి, గాజు, స్టాండు కలిపి రెండున్నర టన్నులకు అటూ ఇటూ. కారు బరువు మోయడానికి పోసిన నేల కాంక్రీటు, స్టాండు అడుగు వెడల్పుగా ఉంటే దీన్ని మోస్తుంది. అసలు ఇబ్బంది వాలు. నీళ్లు బయటికి పోవడానికి గ్యారేజీ నేలను తలుపు వైపు అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ వాలుగా పోస్తారు. 8 అడుగుల ట్యాంకును ఆ వాలు వెంట పెడితే ఒక కొసకీ ఇంకో కొసకీ అంగుళం తేడా వస్తుంది. నీటి గీత వంకరగా కనిపించడం చిన్న విషయం; ఒక మూల అతుకు మీద ఎక్కువ ఒత్తిడి పడడం పెద్ద విషయం. ట్యాంకు కింద నురుగు షీటు పరిస్తే వాలు సర్దుకోదు, స్టాండునే మట్టం చేయాలి. టెక్సస్‌లో దీనికి ఇంకో మెలిక ఉంది. డాలస్ చుట్టూ ఉన్నది నల్లమట్టి, మన తెలంగాణ, రాయలసీమల నల్లరేగడికి నేలశాస్త్రం ప్రకారం దగ్గరి చుట్టం: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ కదలికను తట్టుకోవడానికి అక్కడ చాలా ఇళ్ల పునాదుల్లో ఉక్కు తీగలు పరిచి కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక వాటిని లాగి బిగిస్తారు. నేలలో డ్రెయిన్ పెట్టుకుందామని అలాంటి కాంక్రీటును కోస్తే తీగ తెగి విసురుగా లేవొచ్చు, పునాదీ దెబ్బతినొచ్చు. డ్రెయిన్ కావాలంటే గోడ గుండా పైపు, పంపు వేసుకోవడమే మేలు.

కరెంటు దగ్గర పెద్ద ట్యాంకు తన అసలు బలహీనత బయటపెడుతుంది. 1700 లీటర్లకు కిలోవాట్ హీటర్ కావాలి. దాన్ని ఒక్కటిగా కొని, దాని థర్మోస్టాట్ ఆన్‌లో బిగుసుకుపోతే నీరు గంటకు అర డిగ్రీ చొప్పున ఎక్కి, రాత్రి నిద్రలేచేసరికి 26 నుంచి 30కి చేరుతుంది. అదే కిలోవాట్‌ను మూడు నాలుగు చిన్న హీటర్లుగా పంచితే ఒకటి బిగుసుకున్నా ముంచదు, ఒకటి చచ్చినా చలికి వదిలేయదు. ప్లగ్గులకూ ఇదే వర్తిస్తుంది. గ్యారేజీ పాయింట్లకు లీకేజీ కరెంటు కనబడగానే తెంచేసే జీఎఫ్‌సీఐ రక్షణ అక్కడి నిబంధన, అది మనిషి ప్రాణం కాపాడుతుంది కూడా. కానీ పంపులన్నీ ఒకే జీఎఫ్‌సీఐ మీద ఉంటే ఒక్క పాడైన హీటర్ మొత్తం ట్యాంకును నిశ్శబ్దంగా ఆపేస్తుంది. కనీసం రెండు విడి సర్క్యూట్లు, ఒక్కోదాని మీద ఒక్కో ప్రవాహపు పంపు. ఇక ఊరి కరెంటే పోతే? 2021 ఫిబ్రవరి మంచుతుపానులో టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలు చీకట్లో ఉన్నాయి, డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దాటి పడింది. 2024 జులైలో బెరిల్ తుపాను హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లను తెంచింది. మొదటిది చలి, రెండోది ఎండ, రెండూ రోజుల తరబడి. ఈ పరీక్షలో పెద్ద నీరు ఉష్ణోగ్రతలో కొంత గడువు ఇస్తుంది, ఆక్సిజన్‌లో అంతగా ఇవ్వదు, ఎందుకంటే చేపలూ దాని నిష్పత్తిలోనే ఉంటాయి. బ్యాటరీ మీద నడిచే ఒక ప్రవాహపు పంపు మొదటి రాత్రి దాటిస్తుంది, ఆ తర్వాత జనరేటర్ కావాలి, అది గ్యారేజీ బయట, కిటికీలకు దూరంగా ఉండాలి. 2021లో చలికి తట్టుకోలేక మూసిన చోట్ల ఇంజన్లు నడిపి కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి.

నీటి సరఫరా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: ఆర్ఓ యూనిట్, ఉప్పు కలిపే డ్రమ్ము, వారానికో పక్షానికో 10 శాతం మార్పిడి, ప్రతిసారీ ఆరేడు కిలోల ఉప్పు. ఒక్క లెక్క మాత్రం తప్పనిసరి. పంపు ఆగినప్పుడు పై ట్యాంకులోంచి ఒక్క అంగుళం నీరు కిందికి జారితే అది 57 లీటర్లు. సంపులో అంత ఖాళీ లేకపోతే ఆ నీరు నేల మీదే.

ఇక అభ్యంతరాలు. పబ్లిక్ అక్వేరియంలను చూపించి పెద్దదే నిలకడ అనడం కద్దు. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో 2008 నుంచి 8 లక్షల లీటర్ల పగడపు ట్యాంకు ఉంది. లాంగ్ ఐలండ్ అక్వేరియంలో 2000 నుంచి సుమారు 75 వేల లీటర్లది నడుస్తోంది. వాటిని నిలబెడుతున్నది నీటి పరిమాణమా, లేక జీతానికి పనిచేసే మనుషులు, జంట పంపులు, సొంత జనరేటర్లు, గాలిని అదుపు చేసే యంత్రాలున్న భవనమా? నా ఉద్దేశంలో రెండోదే, అవి నా వాదనకే సాక్ష్యం. ఎల్‌ఈడీ లైట్లు, కంప్యూటర్ కంట్రోలర్లు వచ్చాక పరిస్థితి మారిందన్నది ఇంకొంచెం బలమైన వాదన. 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు వరసగా వేలాడిన రోజులతో పోలిస్తే వేడి బాగా తగ్గింది, నిజం. తగ్గింది లైట్ల వేడి. ఆవిరి, తేమ, గదిలోని కార్బన్ డయాక్సైడ్ అలాగే ఉన్నాయి. కంట్రోలర్ విషయానికొస్తే, అది హెచ్చరిస్తుంది, కానీ దాని ఒక్క సెన్సర్ మీద అన్నీ వదిలితే చెడిపోయే వస్తువు మరొకటి చేరినట్టే. ఇవేవీ లేకుండా ఐదారేళ్లు బాగా నడిచిన గ్యారేజీ ట్యాంకులు ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. మనకు కనబడేవి బతికినవే, మూడో ఏట అమ్మేసుకున్నవి ఎవరూ చూపించరు. అయితే చిన్న ట్యాంకే మేలంటావా అని అడిగేవాళ్లకు జవాబు, కాదు. టాంగ్ జాతి చేపలు ఈదడానికి పొడవు కావాలి, ఏళ్లు గడిచాక కొమ్మల పగడాలు ఒకదానికొకటి తగలకుండా ఎదగడానికి చోటు కావాలి. కానీ పరిమాణానికి మరో మూల్యం ఉంది, దాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. ఏక్రోపోరా పగడాన్ని తినే చదును పురుగు చిన్న ట్యాంకులో కనబడితే ప్రతి ముక్కనూ తీసి ముంచి కడగొచ్చు. 1700 లీటర్లలో రాళ్లకు అతుక్కుపోయిన గుబుర్ల మధ్య అది సాధ్యం కాదు. తెల్లమచ్చ రోగం వస్తే చేపలన్నిటినీ పట్టి రెండున్నర నెలలు వేరే ట్యాంకులో ఉంచాలి. వాటిని పట్టడమే ఒక వారం పని. అంచేత ఆ వేరే ట్యాంకుకూ, కొత్తగా వచ్చిన ప్రతి ప్రాణిని వేరుగా ఉంచే క్రమశిక్షణకూ గ్యారేజీలో ముందే చోటు కేటాయించాలి.

అసలు సముద్రంలో పగడాలు చస్తుంటే ఇంట్లో పెంచడమేంటన్న ప్రశ్నను దాటవేయకూడదు. నాలుగో ప్రపంచవ్యాప్త పగడాల వెలవెలబాటును (బ్లీచింగ్) 2024 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు. ఇంటి ట్యాంకు సంరక్షణ అని చెప్పుకోవడం గొప్పలకు పోవడమే. కానీ విధ్వంసం అన్నంత తేలికగానూ తీసేయలేం. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ జీవమున్న రాళ్లతో ట్యాంకు నడపడం గురించి రాసిన నాటి నుంచి, బెర్లిన్‌లో డీట్రిక్ స్టూబర్ పెంచిన ఏక్రోపోరా ముక్కలు చేతులు మారి యూరప్ అంతా పాకిన దాకా, ఈ పద్ధతుల్లో ఇంటి పెంపకందార్ల పాత్ర గణనీయం. 2023 వేసవిలో ఫ్లోరిడా సముద్రం కాగినప్పుడు నర్సరీల పగడాలను ఒడ్డునున్న ట్యాంకులకు తరలించారు. అక్కడ వాటిని బతికించిన నైపుణ్యంలో ఈ వారసత్వం కొంత ఉంది. బాధ్యత ఎక్కడ మొదలవుతుందంటే కొనేచోట. 2017 చివర్లో ఫిజీ, 2018లో ఇండోనేషియా పగడాల ఎగుమతి ఆపాయి. హవాయిలో కోర్టు తీర్పులతో ఎల్లో టాంగ్ చేపల వేట ఆగి ధర చుక్కలనంటింది. 2015లో అక్కడి ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ ఆ చేపను పెంపకంలో సాధించింది కాబట్టి ఇప్పుడు పెంచినదే దొరుకుతుంది, ఖరీదుగా. పెంచిన చేపలు, ముక్కల నుంచి పెంచిన పగడాలతోనే పెద్ద ట్యాంకు నింపడం సాధ్యం, ఓపిక ఉంటే. ఇదే గ్యారేజీని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఊహించుకునేవాళ్లకు ఒక మాట: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో దిబ్బలు కట్టే పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు ఉన్నాయి. ఉష్ణోగ్రత, కరెంటు సంగతి తర్వాత, ముందు వాటిని ఉంచుకోవడం నేరం.

చివరి చిక్కు డబ్బు, ఇక్కడ లెక్క కొంత విచిత్రంగా తేలుతుంది. ఇన్సులేషన్, తేమను ఆపే పూత, స్ప్లిట్ ఏసీ, రెండు మూడు విడి సర్క్యూట్లు, నగరపాలక సంస్థ పర్మిట్, వీలైతే జనరేటర్ కనెక్షన్: వీటి ఖర్చు ట్యాంకు 6 అడుగులైనా 8 అడుగులైనా పెద్దగా మారదు, ఎందుకంటే గది అదే. ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండు ఎత్తు ట్యాంకుకు దిగితే నీరు 850 లీటర్లకు, అంటే సగానికి పడిపోతుంది. ఉప్పు, లైట్లు, పగడాల ఖర్చూ ఇంచుమించు ఆ దారిలోనే తగ్గుతుంది. డబ్బు చాలనప్పుడు కోత పెట్టాల్సింది అక్కడ. చాలామంది చేసేది దీనికి తలకిందులు: 8 అడుగుల ట్యాంకు ఆర్డరిచ్చి, ఏసీని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు. గది నిజంగా పూర్తయ్యాక మాత్రం పెద్ద ట్యాంకు వాదనకు బలం వస్తుంది, అదనపు లీటరు ఖర్చు అప్పుడు తక్కువే. పర్మిట్ లేకుండా మార్చిన గ్యారేజీ అమెరికాలో ఇల్లు అమ్మేటప్పుడు బేరంలో అడ్డుపడుతుంది. పర్మిట్‌తో, ఏసీతో కట్టింది కొనేవాళ్లకు ఇంకో గదిగా పనికొస్తుంది. ట్యాంకును మటుకు ఖాళీ చేసి ఇమ్మంటారు.